సరంగు యోహాన్ ఇచ్చిన పాటీకు

కంచరపాలెంలో రైలు పట్టాల వెనక సందులో యోహాన్‌కి ఒక పాత తగువు ఉంది. గోడ తగువు కాదు, కుళాయి తగువు కాదు. పచ్చజెండా తగువు.

ఆ సందులో సగం మంది రైల్వేలో చేసినవాళ్లు. వాళ్లకి పచ్చజెండా అంటే బండి కదలొచ్చని అర్థం. యోహాన్ పోర్టు మనిషి. లాంచీ మీద కళాసీగా చేరి, లాంచీ నడిపే సరంగుగా రిటైరయ్యాడు. ఆయనకి పచ్చజెండా అంటే పసుపు రంగు జెండా. పరాయి దేశం నుంచి వచ్చిన ఓడ దూరాన లంగరేసుకుని, లోపలికి రానివ్వమని అడుగుతూ ఎగరేసుకునేది. అది ఎగురుతున్నంతసేపూ ఓడ కదలకూడదు, ఓడలోంచి ఎవరూ దిగకూడదు.

"పచ్చగడ్డి ఏ రంగులో ఉంతాది బావా?" అని అడిగేవాడు గార్డుగా రిటైరైన ఎదురింటాయన.

"పచ్చటి బంగారం ఏ రంగులో ఉంతాది?" అని యోహాన్ ఎదురడిగేవాడు.

తెలుగు భాషే రెండు రంగులకీ ఒక మాట పెట్టి చేతులు దులుపుకుంది కాబట్టి ఆ తగువు తీరే దారి లేదు. తీర్చుకోవాలని వాళ్లకీ లేదు. టీలు చల్లారేదాకా వాదించుకుని, ఎవరి రంగు వాళ్లు జేబులో వేసుకుని ఇళ్లకి పోయేవారు.

ఆ పసుపు జెండా ఉన్న ఓడల దగ్గరికి పోర్టు డాక్టరుని తీసుకెళ్లడం యోహాన్ పనుల్లో ఒకటి. డాక్టరు చొక్కా మెడ బొత్తాం పెట్టుకుని, ఓడ పక్కన వేలాడే తాళ్ల నిచ్చెన పట్టుకుని ఎక్కేవాడు. పైన కెప్టెన్‌తో ఏం మాట్లాడేవాడో, ఎవరి నాలుక చూసేవాడో కింద లాంచీలో ఉన్నవాళ్లకి తెలిసేది కాదు. కొంతసేపటికి రైలింగు దగ్గరికి వచ్చి ఒకసారి తల ఊపేవాడు. అంతే, జెండా దిగేది. అంతంత ఓడ ఆ తలూపుకి కదిలి లోపలికి వచ్చేది. ఆ అనుమతికి ఇంగ్లీషులో ఫ్రీ ప్రాటిక్ అని పేరు. లాంచీవాళ్లు దాన్ని నోట్లో వేసుకుని నమిలి 'పాటీకు' చేసేశారు. "దానికి పాటీకు అయిందా?" "ఇంకా లేదు, డాక్టరు టీ తాగతన్నాడు."

ఉద్యోగమంతా యోహాన్ ఆ తలూపుని కిందనుంచే చూశాడు. డాక్టరుని ఎక్కించాడు, దింపాడు, పెద్ద కెరటాల్లో కూడా తడవకుండా ఒడ్డుకి తెచ్చాడు. పాటీకు మాత్రం ఒక్కసారీ ఇవ్వలేదు. ఇచ్చే ఉద్యోగం తనది కాదు. దానికి ఆయనకి బాధేమీ లేదు గానీ, ఇంట్లో కూతురు సినిమాకి వెళ్తానన్నప్పుడూ, పిల్లి పాల గిన్నె వైపు చూసినప్పుడూ ఆయన తల ఊపే తీరులో ఒక గాంభీర్యం ఉండేది. "ఓడని రానిత్తన్నారేటి?" అనేది భార్య ఆరోగ్యమ్మ.

ఆరోగ్యమ్మ అంటురోగాల ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఇంట్లో కంప్యూటరు ఆవిడది. యోహాన్ దాన్ని వాడుకుంటాడు, అంతే. మౌసుని నాలుగు వేళ్లతో గట్టిగా పట్టుకుని, కెరటానికి చుక్కాని తిప్పినట్టు తిప్పుతాడు. ఆవిడ మాత్రం కళ్లజోడు సర్దుకుని, చేతులు కడుక్కుని దాని ముందు కూర్చుంటుంది. ఎందుకంటే అందులో ఆవిడ పెద్దమ్మ సంతోషమ్మ గొంతు ఉంది.

వాళ్ల బంధువర్గంలో పెళ్లిళ్లలో పాడే పాటలు కొన్ని ఉన్నాయి. గుడిలో పాడే కీర్తనలు కావు. గుడి అయిపోయాక, పందిట్లో, పెళ్లికొడుకుని ఆట పట్టించడానికి ఆడవాళ్లు పాడేవి. మనుషులందరూ బైబిల్లోవాళ్లే, వేళాకోళం మాత్రం పూర్తిగా మన ఊళ్లది. ఇస్సాకుకి పిల్లని వెతకడానికి నౌకరు ఒంటెలు తోలుకుని వెళ్లాడు, పెళ్లికొడుకు రాలేదు కదా, ఆ సంగతి ఒకటి.

ఒంటెలొచ్చాయమ్మా నూతికాడికి
ఒంటెలొచ్చాయి గాని వరుడేడమ్మా
కడవల నీళ్లు తోడింది రిబ్కా
కాళ్లు జాపి తొంగున్నాడు ఇస్సాకు

ఇలాంటివి సంతోషమ్మకి లెక్కలేనన్ని వచ్చు. ఇంకెవరికీ పూర్తిగా రావు. ఒకరికి పల్లవి వస్తే ఒకరికి రెండో చరణం వస్తుంది. ఆరోగ్యమ్మ రిటైరయ్యాక పెద్దమ్మ పక్కన కూర్చుని వాటిని ఫోన్లో పట్టి, కంప్యూటర్లో పెట్టుకుంది. కిందటేడు పెద్దమ్మ పోయింది. తర్వాత ఆ ఫోను బియ్యం కడిగిన నీళ్లలో పడింది. మిగిలింది కంప్యూటరు ఒక్కటే. ఆరోగ్యమ్మ తమ్ముడు శుభాకర్ కూతురు ఆశకి పెళ్లి కుదిరింది. పెళ్లి లోపల సంఘంలో ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి, ఆ పాటలు వినిపించి, నేర్పాలని ఆరోగ్యమ్మ సంకల్పం.

సరిగ్గా అప్పుడే యోహాన్‌కి ఓడల మీదికి మనసు మళ్లింది.

ఇదివరకు డాబా ఎక్కితే సముద్రం మీద లంగరేసిన ఓడలు చుక్కల్లా కనిపించేవి. మధ్యలో అపార్టుమెంట్లు లేచి సముద్రాన్ని తినేశాయి. పోర్టులో రిటైరైనవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక రోజు ఎవరో ఏదో లింకు పెట్టారు. బయట లంగరేసిన ఓడలన్నీ ఇంట్లో కూర్చుని చూడొచ్చట, ఉచితమట. యోహాన్ దాన్ని కంప్యూటర్లో తెరిచాడు. ఏదో దిగింది. దిగీ దిగగానే తెర మీద ముక్కోణపు పసుపు గుర్తు వెలిగి, ఒక ఇంగ్లీషు వాక్యం వచ్చింది. ఆయన కూడబలుక్కుని చదివాడు. మిగతా మాటలు పెద్దగా అర్థం కాలేదు గానీ ఒక మాట చిన్ననాటి స్నేహితుడిలా పలకరించింది. క్వారంటైన్.

యోహాన్ ముఖం విప్పారింది. పసుపు జెండా. క్వారంటైన్. వచ్చింది ఓడల తాలూకుది. కంప్యూటరు ఇంత పద్ధతైన వస్తువని ఆయన అనుకోలేదు.

ఓడ వచ్చిన వెంటనే ఎవరూ లోపలికి రానివ్వరు. కాబట్టి ఆయన కూడా రెండు రోజులు ఆగాడు. ఉదయం కాఫీ తాగి వెళ్లి చూసేవాడు. అది ఉన్నచోటే ఉంది. గోల చేయలేదు, కదల్లేదు. దగ్గూ జ్వరం లేనట్టే ఉంది. తర్వాత దాన్ని నొక్కి చూస్తే రెండు దారులు కనిపించాయి: తీసేయడమా, అనుమతించడమా. ఎంతైనా కంప్యూటరు పని కదా, తెలిసినవాడిని అడుగుదామని బామ్మర్ది శుభాకర్‌కి ఫోన్ చేశాడు. శుభాకర్‌కి సబ్బవరంలో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు ఉంది.

అవతల కొట్లో ఎవరో ప్రింటరు గురించి కేకలేస్తున్నారు.

"శుభా, కంప్యూటరు పర్మిషనడుగుతందిరా. ఇవ్వమంటావా?"

"ఏ రంగులో అడుగుతంది బావా?"

"పచ్చగుంది."

"పచ్చగుంటే మరేటి ఆలోసన? ఇచ్చీ."

ఫోను పెట్టేశాడు.

యోహాన్ చొక్కా మెడ బొత్తాం పెట్టుకున్నాడు. ఇంట్లో ఎవరూ చూడటం లేదు కాబట్టి, తెర ముందు ఒకసారి తల కూడా ఊపాడు. అనుమతించమని నొక్కాడు. పసుపు గుర్తు మాయమైంది. ఒక నీలం రంగు పటం తెరుచుకుంది. మధ్యలో ఒకే ఒక ఓడ బొమ్మ. ఎంతసేపు చూసినా అది కదల్లేదు.

లంగరేసుకుందేమో అనుకున్నాడు.

మర్నాటినుంచి కంప్యూటరుకి ఒంట్లో బాగుండలేదు. తెరవమంటే మూలిగింది. తెరుచుకున్నాక అడగనివి చూపించింది. మోకాళ్ల నొప్పులకి తైలం, ఏడుగుర్రాల పటం, లాటరీ. ఆరోగ్యమ్మ పెద్దమ్మ పాటల కోసం కూర్చుంటే, మూలనుంచి ఒక ఆడమనిషి బొమ్మ జారుకుంటూ వచ్చి, మీకు దగ్గర్లోనే ఉన్నాను, మీతో మాట్లాడాలని ఉంది అంది.

"ఏటండీ, ఎవరీవిడ?"

యోహాన్ వచ్చి వంగి చూశాడు. "నాకేటి తెలుసు? దగ్గర్లోనే ఉన్నానంతంది. మర్రిపాలెం మనిషేమో."

"మరి మీకెందుకు సెప్తంది?"

"నాకు సెప్పలేదు ఆరోగ్యం. నువ్వు కూకున్నప్పుడు వొచ్చింది కాబట్టి నీకే సెప్తంది."

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ వారంలో పాస్టరుగారు ఫోన్ చేశారు. ఆయన మర్యాదస్తుడు, కాసేపు వాతావరణం గురించి మాట్లాడారు. తర్వాత, "యోహాన్ గారూ, మీ మెయిలు నుంచి నాకు జుట్టు మొలిచే నూనె గురించి మూడు ఉత్తరాలొచ్చాయండి. మీ అభిమానానికి సంతోషమే గానీ, నాకు ఆ దిగులు పోయి చాలా కాలమైంది" అన్నారు. పాస్టరుగారి తల నున్నగా ఉంటుంది. ఆ ఆదివారం యోహాన్ వెనక బెంచీలో కూర్చున్నాడు.

శుభాకర్ బ్యాగు తగిలించుకుని బండి మీద వచ్చాడు. గుమ్మంలోనే మొదలుపెట్టాడు.

"ఇంట్లో ఆరోగ్యమే ఉండగా డబ్బాకి జబ్బేటి బావా?"

"నీ పరాసికాలు తరవాత. ముందు సూడు."

శుభాకర్ మొట్టమొదట ఇంటర్నెట్టు తీగ పీకేశాడు. తర్వాత ఏవేవో తెరిచి, మూసి, లక్షణాలన్నీ విని, ట్రోజన్ అన్నాడు.

"అదేటి, వైరసు కాదా?" ఆరోగ్యమ్మ అడిగింది.

"వైరసైతే తనే దూరిపోయి ఒకదాన్నించి ఒకదానికి అంటుకుంతాదక్కా. ఇది దొరబాబు. మంచి బట్టలేసుకుని గుమ్మంలో నిలబడతాది. తలుపు మనమే తియ్యాల. ఎనకటికి ఏదో దేశంలో యుద్దమప్పుడు కోట బయట పెద్ద సెక్కగుర్రం ఒదిలెల్లారట. బాగుంది కదాని ఊరోళ్లే లోపలికి లాక్కున్నారు. దాని కడుపునిండా సిపాయిలు. అదే ఈ పేరు."

"అయితే ఈ ఇంట్లో గుర్రాన్ని ఎవరు లాక్కున్నట్టు?"

అక్కాతమ్ముళ్లిద్దరూ యోహాన్ వైపు చూశారు. యోహాన్ మనస్సాక్షిగా ఆలోచించాడు. తను రానిచ్చింది ఓడని. అదీ పద్ధతి ప్రకారం.

"నాను ఏ గుర్రాన్నీ రానియ్యలేదు" అన్నాడు.

శుభాకర్ కంప్యూటరు మొత్తాన్ని వెతికించాడు. జబ్బుల్ని కనిపెట్టే యాంటీవైరస్ ప్రోగ్రాము నిదానంగా అన్ని గదులూ తిరిగి, ఏమీ లేదని చెప్పింది. ఓడలు చూసేది కనిపిస్తే, "ఇదేటి?" అని అడిగి, "ఓడలు సూసేది. గాని ఓడ కదల్డంలేదురా" అని యోహాన్ చెబితే, పనికిరానిది ఎందుకని దాన్ని తీసేశాడు. ఇంటర్నెట్టు తీగ మళ్లీ తగిలించి, చేపల పులుసుతో అన్నం తిని వెళ్లాడు.

రెండు రోజులకి మర్రిపాలెం ఆవిడ మళ్లీ వచ్చింది.

శుభాకర్ మళ్లీ వచ్చాడు. మళ్లీ వెతికించాడు. మళ్లీ ఏమీ లేదంది. అతను వెళ్లి ఇంకా ఎన్ఏడీ జంక్షను దాటి ఉండడు, మోకాళ్ల తైలం ప్రత్యక్షమైంది. మూడోసారి వచ్చినప్పుడు శుభాకర్ బావ మీద పరాచికాలు ఆడలేదు. పనిచేసేవాడికి తన పని మీద అనుమానం వస్తే ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది. చాలాసేపు తెరకేసి చూసి, కుర్చీ వెనక్కి జరిపాడు.

"లాభంలేదక్కా. ఫార్మాట్ కొట్టీవల్సిందే."

"అంటే?"

"మొత్తం తుడిసీడమే. కొత్త పలక."

ఆరోగ్యమ్మ చేతిలో పళ్లెం ఉంది. దాన్ని బల్ల మీద పెట్టింది.

"పెద్దమ్మ పాటల్రా?"

"పోతాయి."

"ముందు వాటిని వేరేదాన్లోకి తీసేసి తుడువు."

"ఏది పట్టుకుందో తెలీకుండా ఎలగ తీత్తానక్కా? పాటల సంచీలో అదీ దూరుంటే? జబ్బు మనిషి దుప్పటి తీసుకెల్లి పెల్లిపందిట్లో పరిసినట్టుంటాది. నా కొట్లో పదిమంది కంప్యూటర్లుంతాయి."

ఆ మాట వేరే ఎవరితో అన్నా వాదించేవాళ్లు. ఆరోగ్యమ్మ నర్సు. దుప్పటి సంగతి ఆవిడకి తెలుసు. ఆ ఆసుపత్రిలో ఆవిడ స్వయంగా ఎన్ని దుప్పట్లు కాల్పించిందో. అందుకే వాదించలేదు, కుర్చీలో కూర్చుంది. ఎవరితోనూ కానట్టు, "రిబ్కా పాట మూడో సరణం నాకు రాదు. ఎవరికీ రాదు" అంది.

శుభాకర్ తల దించుకున్నాడు. పెద్దమ్మ అతన్ని కూడా ఎత్తుకుని పెంచింది. పెళ్లి అతని కూతురిదే.

యోహాన్ గుమ్మం దగ్గర నిలబడి ఇద్దరినీ చూశాడు. ఆరోగ్యమ్మ గట్టిగా మాట్లాడితే ఆయనకి భయం లేదు, అలవాటే. ఇలా మెల్లగా మాట్లాడితే ఏం చేయాలో తోచదు.

ఆరోగ్యమ్మ లేచింది. లోపలికి వెళ్లి మోచేతులదాకా సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చింది. ఇద్దరినీ ఎదురుగా కూర్చోమంది.

"మా వార్డులో మందు పనిసెయ్యకపోతే మందు మార్చేవోల్లం కాదు. మళ్లా మొదట్నించి అడిగేవోల్లం. ఏం తిన్నాడు, ఎక్కడికెల్లాడు, ఇంటికెవరొచ్చారు. సెప్పండి. దీనికి ఒంట్లో బాగోకపోవడం ఎప్పుడు మొదలైంది?"

"పాస్టరుగారి నూనెకి ముందు" అన్నాడు యోహాన్.

"ఆ ముందు దీన్లోకి బయటనించి ఏటొచ్చింది?"

"ఓడలదొక్కటే. దాన్ని శుభా తీసీసాడుగా."

"అదెలగొచ్చింది? ఊరకే తీసుకొచ్చి పెట్టీసారా?"

యోహాన్‌కి కొంచెం కోపం వచ్చింది. ఏళ్ల తరబడి పోర్టులో చేసిన మనిషిని అడగాల్సిన ప్రశ్న కాదది.

"ఊరకే ఎందుకు పెడతాను? నాకు తెలీదేటి పద్దతి? పచ్చజెండా ఎగరేసుకుని వొచ్చింది. రెండ్రోజులు క్వారంటైన్లో ఉంచాను. పొద్దున్నే సూసీవోడిని. నలతేటీ లేదు. అప్పుడు పాటీకిచ్చాను."

శుభాకర్ కుర్చీలో ముందుకి జరిగాడు.

"ఏటిచ్చారు?" అంది ఆరోగ్యమ్మ.

"పాటీకు. లోపలికి రానిచ్చాను."

"క్వారంటైన్లో ఉన్నదాన్ని?"

"క్వారంటైన్లో ఉన్నదానికే ఇత్తారు పాటీకు. లేనిదానికెందుకిత్తారు?"

"ఏటండీ, క్వారంటైన్ అంటే జబ్బుందని తలుపేసి పెట్టడం. నా సర్వీసంతా అదే సేసాను."

"నీకు ఆసుపత్రి క్వారంటైన్ తెలుసు. అది ఇంట్లోంచి బయటికి రాకుండా. నాది ఓడ క్వారంటైన్, బయటనించి లోపలికొచ్చేది. అసలు ఆ జెండా ఎందుకెగరేత్తారో తెలుసా? నాను బాగున్నాను, నన్ను రానీండి అని. జబ్బుందని కాదు."

శుభాకర్ రెండు చేతుల్తో తల పట్టుకున్నాడు. "అదీ సంగతి. అనుమతిచ్చినదాన్ని అది మళ్లీ సూడదు బావా. ఎన్నిసార్లు ఎతికించినా పక్కనించెల్లిపోద్ది, మా ఇంటాయన సుట్టమే కదాని. దొంగకి ఎవరైనా గేటు పాసిత్తారని నాను కల గన్నానేటి? అసలు ఎవుడు సెప్పాడు నీకు నొక్కమని?"

"నువ్వే."

"నానా?"

"పర్మిషనడుగుతందిరా అన్నాను. ఏ రంగన్నావు. పచ్చగుందన్నాను. ఇచ్చీ అన్నావు."

"పచ్చంటే..." శుభాకర్ ఆగిపోయాడు. అతని కళ్ల ముందు ఆ రోజు, ప్రింటరు గురించి కేకలేసిన మనిషి, చెవికీ భుజానికీ మధ్య ఇరుక్కున్న ఫోనూ అన్నీ కదిలినట్టున్నాయి. "పచ్చంటే ఆకుపచ్చనుకున్నాను బావా. మా కంప్యూటర్ల పనిలో ఆకుపచ్చ అంటే అంతా బాగుందని."

"ఆకుపచ్చంటే ఆకుపచ్చనే సెప్పీవోడిని కదరా. పచ్చన్నాను."

"పసుపంటే పసుపని సెప్పొచ్చుగా."

"పచ్చటి బంగారం ఏ రంగులో..."

"ఇద్దరూ నోరుముయ్యండి" అంది ఆరోగ్యమ్మ. అని, తనే ఆపుకోలేక నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది, అది పూర్తిగా నవ్వు వల్లే కాదు. "ఇద్దరు డాట్రులు కలిసి కేసు సూసారు. ఒకడికి జ్వరం తెలీదు, ఒకడికి సెవుడు. ఇప్పుడు తీయడానికవుద్దా అవదా, అది సెప్పు."

"ఎందుకవదక్కా. దాగుందనుకున్నాం గాని అది దాక్కోలేదు. హాల్లో కుర్చీయేసుకుని కూకుంది."

శుభాకర్ కుర్చీ ముందుకి లాక్కుని, అనుమతులు ఉండే చోటు తెరిచాడు. ఒకే ఒక్క పేరుంది, ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలగలిపి, పలకడానికి వీల్లేనిది. పక్కన, ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకునే మీట. అతను నొక్కబోతుంటే ఆరోగ్యమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇచ్చినోరే తీసుకోవాల."

యోహాన్ వచ్చి కూర్చున్నాడు. మౌసు పట్టుకున్నాడు గానీ వెంటనే నొక్కలేదు. పోర్టులో అంతకాలం చేసి, ఇచ్చిన పాటీకు వెనక్కి తీసుకోవడం తను చూశాడా అని వెతుక్కున్నాడు. గుర్తు రాలేదు. ఒక ముసురు రోజు మాత్రం గుర్తొచ్చింది. డాక్టరు తల ఊపి, నిచ్చెన దిగి, లాంచీలో కూర్చుని, ఒడ్డు వచ్చేదాకా ఆ ఓడవైపే తిరిగి తిరిగి చూశాడు. ఏటండీ, ఏదైనా మర్చిపోయారా అని తను అడిగితే, లేదయ్యా, ఊరికే అన్నాడు. ఆ రోజు యోహాన్‌కి అర్థం కాలేదు. తల ఊపడం ఒక హోదా అనుకున్నాడు. ఊపాక రాత్రి నిద్రపట్టని తలలు కూడా ఉంటాయని కింద లాంచీలో ఉన్నవాడికి తెలిసే వీల్లేదు.

నొక్కాడు.

ఈసారి వెతికిస్తే ప్రోగ్రాము సగం గదులు తిరగక ముందే తెర ఎర్రబడింది. శుభాకర్ గొంతులో ప్రాణం వచ్చింది. "అదిగో దొరబాబు. సూడు బావా, ఇది ఎర్ర రంగు. ఎరుపుకి మన భాషలో ఒకటే మాట."

తీసేశాడు. ఒకచోట తీస్తే ఇంకోచోట దాని సామాను బయటపడింది. కంప్యూటరు తెరవగానే తనూ లేచేలా ఒకచోట పక్కేసుకుంది, ఇంటర్నెట్టు చూసే దగ్గర ఒక గూడు కట్టుకుంది. అన్నీ ఊడ్చాడు. కంప్యూటరుని ఆపి, అది పూర్తిగా నిద్ర లేవకముందే ఇంకోసారి వెతికేలా పెట్టాడు. అది గంటసేపు పట్టే పని. ఈలోగా తన ఫోన్లోంచి యోహాన్ మెయిలుకి కొత్త తాళం వేయించాడు.

"ఏటి పెడతావు బావా పాస్‌వర్డు? పచ్చజెండా అని పెట్టీకు."

"పాస్టరుగారికి ఒక ఉత్తరం రాయాల" అన్నాడు యోహాన్ దిగులుగా.

"వొద్దు. ఆ మెయిల్నించి ఇంకో ఉత్తరమొస్తే ఆయన సంఘం మారిపోతాడు. ఆదివారం నోటితో సెప్పు."

ఆరోగ్యమ్మ ఇద్దరికీ టీ ఇచ్చింది. తను తాగలేదు. తెర నల్లగా ఉంది, మీద తెల్లటి అంకెలు మెల్లగా పెరుగుతున్నాయి. ఆవిడ వాటిని, థర్మామీటరులో పాదరసాన్ని చూసినట్టు చూస్తూ కూర్చుంది. యోహాన్ ఆవిడ పక్కన కుర్చీ వేసుకున్నాడు. ఆవిడ టీ గ్లాసు మీద మూత పెట్టాడు, చల్లారకుండా.

కంప్యూటరు లేచింది. మూలగలేదు. ఎవరూ మూలనుంచి జారుకుంటూ రాలేదు. శుభాకర్ ఇంకోసారి వెతికించి, పూర్తిగా శుభ్రమని తేలాక, లేచి కుర్చీ అక్కకి వదిలాడు.

"ఇప్పుడు నీ సంచీ తెరువక్కా."

ఆవిడ తెరిచింది. పాటల పేర్లు వరుసగా ఉన్నాయి. పేర్లుంటే చాలదు కదా. ఒకటి నొక్కింది. ఏమీ వినిపించలేదు. ముగ్గురూ తెరకేసి చూస్తుండిపోయారు. ఇంకా ఏమీ లేదు.

"అక్కా, సౌండు మూసుంది" అన్నాడు శుభాకర్, ముందుకి వంగి పెంచుతూ.

ఒక్కసారిగా గదినిండా ఒక కోడి కూసింది. తర్వాత దగ్గు. తర్వాత సంతోషమ్మ గొంతు, కోపంగా: "ఓలి ఆరోగ్యం, ఆ పెట్టె నా మూతికాడెందుకెట్టినావే? దూరంగా ఎట్టు. నానేటి సెవిటిదాన్నా, అదేటి సెవిటిదా?"

శుభాకర్ నిలబడినవాడు అలాగే మంచం పట్టె మీద కూర్చుండిపోయాడు.

పెద్దమ్మ గొంతు సవరించుకుంది. పాట ఎత్తుకుంది. ఇది రిబ్కా పాట కాదు, లేయా పాట. యాకోబు ఒక పిల్లని కోరుకుంటే, మామ ముసుగేసి పెద్దపిల్లని పీటల మీద కూర్చోబెట్టాడు కదా, ఆ సంగతి.

ముసుగెత్తి సూసుకోరా అల్లుడా
ముందే సూసుకోరా అల్లుడా
తెల్లారి లేసి తగువాడితే
తిరిగి తీసుకోదు మావూరు

పాట ముగిసేసరికి శుభాకర్ భుజాలు ఎగిరిపడుతున్నాయి. యోహాన్ కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు. ఆరోగ్యమ్మ ఆయన వైపు చూడలేదు, చూడాల్సిన పని లేదు.

"ఇంకోసారి పెట్టక్కా" అన్నాడు శుభాకర్.

ఆవిడ ఇంకోసారి పెట్టింది. తర్వాత రెండు పెన్‌డ్రైవులు తెప్పించి, అన్ని పాటలూ రెంటిలోకీ ఎక్కించి, ఒకటి తమ్ముడి జేబులో తనే వేసింది. అయినా ఆవిడకి తృప్తి కలగలేదు. యంత్రాల మీద ఆవిడకి ఆ మధ్యాహ్నంతో నమ్మకం సన్నగిల్లింది.

"మీ ఇద్దరూ కూకోండి" అంది.

"ఎందుకు?" యోహాన్ అడిగాడు.

"నేర్సుకోడానికి. పెల్లికూతురోల్లం మనం. ఆడోల్లు పాడతంటే మీరు అందుకోవాల. ఇంతమంది నోట్లో ఉంటే నాకు గుండె నిబ్బరంగా ఉంతాది."

"నా గొంతు లాంచీ హారన్ లాగుంతాది ఆరోగ్యం."

"బాగా దూరం వినబడతాది. అనండి."

కొట్టు తెరవాలని శుభాకర్ అన్నాడు. ఆవిడ వినలేదు. బావా బామ్మర్దులిద్దరూ మంచం పట్టె మీద పక్కపక్కన, బడిలో తప్పు చేసిన పిల్లల్లా సర్దుకున్నారు. ఆరోగ్యమ్మ చేత్తో తాళం వేసింది. యోహాన్ కళ్లు మూసుకుని, పెద్దగా ఊపిరి తీసుకుని అందుకున్నాడు.

"ముసుగేసి సూసుకోరా అల్లుడా..."

తాళం ఆగింది.

"ముసుగేసి సూత్తే ఏం కనబడతాదండీ? ముసుగెత్తి. ఎత్తి."

"ఎత్తి" అన్నాడు యోహాన్.

"మళ్లా మొదట్నించి."